కిటికీ గట్టు మీద గ్లాసు

నవంబరు 6

చలిచీమకి,

ముందుగా నీ గొడుగు సంగతి. పోయినసారి వచ్చినప్పుడు దాన్ని గుమ్మం దగ్గర దులపకుండా హాల్లోకి తెచ్చి, నా పుస్తకాల అలమరకి ఆనించి మరిచిపోయావు. కింది అరలో రెండు నిఘంటువులు ఇప్పటికీ ఉబ్బి ఉన్నాయి. గుమ్మం దగ్గర దులుపుకుని లోపలికి రమ్మని ఈ ఇంటికి వచ్చిన వాళ్లందరికీ చిలక్కి చెప్పినట్టు చెబుతాను. మీ అన్నయ్య నేర్చుకున్నారు. పక్కింటి కుక్క నేర్చుకుంది. నువ్వు మాత్రం నేర్చుకోలేదు. ఈ ఫిర్యాదు ఇంతటితో సరి, ఎందుకంటే ఇప్పుడు నీతో నాకు పని పడింది.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో మనిద్దరం ఒకరి మాట మీద ఒకరు పడతాం. కాగితమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

నా పుస్తకం గురించి నీకు తెలుసు. అయినా మొదటినుంచీ చెబుతాను, నేను చెబుతున్నప్పుడల్లా నువ్వు సగంలో టీ పెట్టడానికి లేస్తావు కాబట్టి. నా రచయిత్రి స్పానిష్‌లో ఒకే ఒక్క కథల సంపుటి రాసింది. రాయకముందు ఉప్పు కర్మాగారంలో ఉప్పునీళ్లు పరీక్షించే ఉద్యోగం చేసింది. ఆవిడ కథల్లో ఉప్పు మైదానం మీద బండ్లు తలకిందులుగా నడుస్తాయి. పొద్దుగూకగానే నేల మూలుగుతుంది. విమర్శకులు ఇన్నాళ్లూ ఇవన్నీ ప్రతీకలు అన్నారు. కాదు, ఆవిడ కళ్లతో చూసినవే అని నా వాదన. కాంతి మీద, గాలి మీద, ఉప్పు పొరల మీద మీ భౌతిక శాస్త్రం వాళ్లు రాసిన పత్రాలు చదివి, ఒక్కొక్క వింతనీ నిజమని తేల్చుకుంటూ వచ్చాను. సాహిత్యం చదువుకున్న దాన్ని, ఆ లెక్కలు అర్థం చేసుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పుస్తకం పేరు ‘ఆవిడ అబద్ధం రాయలేదు’.

ఇక మిగిలింది చివరి అధ్యాయం, చివరి కథ. ఉప్పు బండ్లతో వెళ్లిన భర్త కోసం ఒకామె రోజూ నీళ్లు కాచి, వడకట్టి, గాజు గ్లాసులో పోసి కిటికీ బయట గట్టు మీద పెడుతుంది. ఆమే చెప్పే ఆ చోటు నీ కోసం తెలుగు చేశాను:

‘తెల్లవారింది. పెరట్లో గిన్నెల్లో నీళ్లు రాళ్లయ్యాయి. గట్టు మీద గ్లాసులో నీళ్లు మాత్రం నీళ్లలాగే ఉన్నాయి. ఆయన చెల్లెలు మైదానం దాటి నడిచి వచ్చింది... కిటికీ బయట నిలబడి, గ్లాసు మీదుగా నా వైపు వంగింది. అన్న ఇక రాడు అంది. గ్లాసులో తెల్లటి సూదులు లేచి, ఒకదాన్నొకటి అల్లుకుంటూ అడుగుదాకా పాకాయి. నేను కిటికీ మూసేశాను. మళ్లీ ఆమె కోసం ఏ తలుపూ తీయలేదు.’

మాటకి నీళ్లు గడ్డకట్టడం. ఇది కూడా ఆవిడ చూసిందనే రాశాను. ప్రచురణ సంస్థ వాళ్లు పుస్తకాన్ని ఒక పెద్దాయనకి ఇచ్చి చదివించారు. ఆయన అన్నిటికీ సరేనని, ఈ గ్లాసు దగ్గర ఆగాడు. భౌతిక శాస్త్రం తెలిసినవాళ్లు పరీక్షించి, సంతకం పెట్టి ఒక పేజీ రాసిస్తే వేస్తాం, లేకపోతే పుస్తకం పేరే తప్పవుతుంది అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఈ ఒక్క గ్లాసు ఒరిగితే నా పదకొండేళ్ల పని ఒరుగుతుంది.

నీళ్లు ఎలా గడ్డకడతాయో చూడ్డమే నీ ఉద్యోగం. ఇంట్లో వైద్యుణ్ణి పెట్టుకుని ఊరంతా మందు కోసం తిరగనా?

నిఘంటువులు తడిసిన నీ వదిన


నవంబరు 17

పండితులు వదినగారికి,

గొడుగు విషయంలో నేరం ఒప్పుకుంటున్నాను. కుక్కతో పోల్చినందుకు మాత్రం దాని తరఫున అభ్యంతరం చెబుతున్నాను.

నీ కథ చదివాను. టీ పెట్టడానికి లేవలేదు, ఎందుకంటే ముందే పెట్టుకుని కూర్చున్నాను. ఆ గ్లాసు నీళ్ల సంగతి సగం నిజమే. నీళ్లు గడ్డకట్టాలంటే చలి ఒక్కటే చాలదు. ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి. పాలు తోడుకోవడానికి చుక్క పెరుగు కావాలి చూడు, అలా ఒక నలక కావాలి, గీత కావాలి, అన్నిటికన్నా మేలు చిన్న మంచు ముక్క కావాలి. కాచి వడకట్టిన నీళ్లు, నున్నటి గాజు, కదపని చోటు అయితే, గడ్డకట్టాల్సిన చలి వచ్చినా అవి ఊరికే నీళ్లలా ఉండిపోతాయి. పెరట్లో గిన్నెలో దుమ్ము ఉంటుంది, అందుకని అది ముందే రాయవుతుంది. నీ రచయిత్రి ఈ తేడా రాసిందంటే సరుకున్న మనిషే. ‘తెల్లటి సూదులు’ అన్న మాట చూసి ఇంకా ముచ్చటేసింది. అలాంటి నీళ్లు మొదలైతే సరిగ్గా సూదుల్లాగే అల్లుకుంటాయి. అది చూసినవాళ్లు తప్ప రాయలేరు.

నాకు నమ్మకం కుదరనిది మాట దగ్గర. మనిషి గొంతుకి నీళ్లని కదిపేంత బలం ఉంటుందని నేననుకోను. అయినా అనుకోవడానికి నాకు జీతం ఇవ్వడం లేదు కాబట్టి చేసి చూస్తాను. మా చిన్న కోల్డ్ రూమ్ వచ్చే నెలంతా ఖాళీగానే ఉంటుంది. గ్లాసు పైన స్పీకరు కడతాను. ఆమె అన్న వాక్యాన్ని స్పానిష్‌లో నువ్వే రికార్డు చేసి పంపు. కథలో ఆమె ఎంత గట్టిగా అందో, ఎంత దూరం నుంచి అందో కూడా రాయి. ‘వంగింది’ తర్వాత చేతులు ఎక్కడున్నాయి? గట్టుని ముట్టుకుందా? గట్టు కదిలితే లెక్క మారిపోతుంది.

మధ్యలో ఆ మూడు చుక్కలు చూసి నవ్వొచ్చింది. మీ సాహిత్యం వాళ్లకి నిట్టూర్పు వస్తే చుక్కలు పెడతారు కాబోలు.

అన్నయ్య మోకాలు ఎలా ఉంది? మెట్లు దిగడం తగ్గించమను.

నీ చలిచీమ


నవంబరు 28

చలిచీమా,

రికార్డింగు పంపుతున్నాను. చిన్న వాక్యం కదా అనుకున్నాను గానీ మధ్యాహ్నమంతా పట్టింది. ఏడుపుగొంతుతో అంటే నాటకంలా ఉంది, మామూలుగా అంటే పాలవాడు రాడు అన్నట్టుంది. మీ అన్నయ్యకి స్పానిష్ రాకపోయినా, ఇన్నేళ్లలో ఈ ఒక్క వాక్యం అర్థం తెలిసిపోయింది. వంటింట్లోంచి తల బయటపెట్టి, ‘ఇక్కడే ఉన్నాను కదా, రాడు రాడు అని ఎందుకంటావు’ అన్నారు. అందువల్ల మూడో రికార్డింగులో నేను నవ్వుతున్నాను. అది వాడకు.

చేతులు గట్టుని ముట్టుకున్నట్టు కథలో లేదు. గొంతు గురించి, ‘ఎప్పుడూ మాట్లాడినట్టే’ అని ఉంది. నీ ప్రశ్నలు చూసి నాకు సిగ్గేసింది. ఈ కథని పాతిక సార్లు పాఠం చెప్పాను. ఆమె చేతులు ఎక్కడున్నాయని ఒక్క విద్యార్థీ అడగలేదు, నేనూ అనుకోలేదు.

ప్రచురణ సంస్థకి ప్రయోగం జరుగుతోందని రాసేశాను. జనవరి మధ్యకల్లా పేజీ అందుతుందని కూడా రాశాను. తొందరపడ్డానని మీ అన్నయ్య అన్నారు. మా ఆడపడుచు నా పరువు నిలబెడుతుంది, చూస్తూ ఉండండి అన్నాను.

మోకాలు పరవాలేదు. ఇప్పుడు కుర్చీ బాగుచేస్తున్నారు. కాళ్లు సమానంగా రావడం లేదని ఒక్కోటీ కోస్తూ పోతున్నారు. అది పీట అయ్యేలోగా నీ ఫలితం వస్తే బాగుండు.

ఆశతో, వదిన


డిసెంబరు 20

వదినా,

ఫలితం: కాలేదు.

మామూలు గొంతు, కాలేదు. పెంచాను, కాలేదు. స్పీకరు నీళ్లకి ఆనేంత దగ్గర పెట్టాను, కాలేదు. నీ గొంతు తీసేసి మోటారు శబ్దం పెట్టాను, కాలేదు. బల్ల మీద సుత్తితో కొడితే కొన్నిసార్లు గడ్డకట్టింది. కథలో సుత్తి లేదు.

మాటకి నీళ్లు గడ్డకట్టవు. పేజీ అడిగావు కాబట్టి రాసిస్తాను, అందులో ఇదే ఉంటుంది. వేరే మాట మీద సంతకం పెట్టలేను. పరువు నిలబెట్టడం ఈ గదిలో జరిగే పని కాదు.

ఉంటాను.


జనవరి 3

గౌరవనీయులైన శాస్త్రవేత్త గారికి,

మీ ఉత్తరం అందింది. చదవడం నా వృత్తి కాబట్టి మళ్లీ మళ్లీ చదివాను. ‘వదినా’ అన్న పిలుపు పైన ఒక్కసారి ఉంది, ఆ తర్వాత లేదు. ‘కాలేదు’ అన్న మాట మాత్రం వరసగా ఉంది. మీ అన్నయ్య మోకాలి గురించి ఒక్క ముక్క లేదు. కింద పేరు లేదు. ఎప్పుడూ గుండ్రంగా ఉండే అక్షరాలు ఈసారి ముళ్లలా ఉన్నాయి. పైగా పెన్సిల్‌తో రాశారు, రేపు కాదనడానికి వీలుగా కాబోలు. నా విద్యార్థులకి ఇది పాఠంగా చెప్పాల్సి వస్తే, రాసిన మనిషికి ఈ పని మొదటినుంచీ ఇష్టం లేదు అని చెబుతాను.

అబద్ధం మీద సంతకం పెట్టమని నేనెక్కడ అడిగాను? నాకు కావలసింది నిజమే. ఆ నిజం చెప్పే పద్ధతి ఒకటుంటుంది. పదకొండేళ్ల పనిని నాలుగు గీతల్లో కొట్టేసి, ఉంటాను అని వెళ్లిపోతే, గుమ్మంలో నిలబెట్టి మాట్లాడినట్టుంది. నాకు బాధ కలిగింది. దాచుకోవడం దేనికి, చాలా కలిగింది.

చివరి అధ్యాయం తీసేస్తున్నాను. పుస్తకం పేరు కూడా మారుస్తున్నాను. కొత్త పేరు ఇంకా తోచలేదు. ఆవిడ అబద్ధం ఒక్కటి రాసిందంటే మిగతావన్నీ ఎవరు నమ్ముతారు? పేరు లేకుండా వేసుకోమంటానేమో. మీ అన్నయ్య ‘గ్లాసుడు నీళ్ల దగ్గర దెబ్బలాడుకుంటారా’ అని నవ్వారు. ఆయనతో కూడా రెండు రోజులు మాట్లాడలేదు.

మీరు పేజీ రాసి పంపనక్కర్లేదు. మీ సమయం తీసుకున్నందుకు క్షమించండి.

ఇట్లు,
మీ అన్నగారి భార్య


జనవరి 12

వదినా, వదినా, వదినా,

మూడుసార్లు పిలిచాను. కావాలంటే లెక్కపెట్టుకో. ఇంకోసారి నన్ను ‘మీరు’ అన్నావంటే ఆ మిగిలిన నిఘంటువులు కూడా తడిపేస్తాను.

ఆ ఉత్తరం నేను కోల్డ్ రూమ్‌లో, అట్టపెట్టె మీద పెట్టి రాశాను. నీకు తొందరగా తెలియాలని, ఆఖరి గ్లాసు చూసిన వెంటనే రాశాను. అక్కడ పెన్ను రాయదు, అందుకే పెన్సిలు. లావుపాటి గ్లవ్స్‌తో రాస్తే అక్షరాలు ముళ్లలాగే వస్తాయి. పొడుగు ఉత్తరం రాద్దామంటే వేళ్లు ఒప్పుకోలేదు. నీకు అక్కడ మనసు కనిపించింది. నాకు అక్కడ ఉన్నది గడ్డకట్టిన చెయ్యి. కాగితం ఇచ్చి వెచ్చని గదిలో కూర్చోబెడితే నేను కూడా బుద్ధిమంతురాలినే.

అయితే ఒక మాట నిజం. ‘పరువు’ అన్నావు చూడు, అక్కడ నాకు చిరాకొచ్చింది. నువ్వు ముందే వాళ్లకి చెప్పేశావు, పందెం కాసినట్టు మాట్లాడావు. అవునని చెప్పక తప్పని పరిస్థితి తెచ్చావనిపించింది. అవునని చెప్పాలని నాకు మాత్రం లేదా? నీ పుస్తకం కోసం నేను ఆదివారాలు కూడా ఇంటికి పోకుండా గ్లాసులు కడుక్కుంటూ కూర్చున్నాను. ఇష్టం లేని మనిషి అలా చేస్తుందా?

ఎంత నిష్ఠగా చేశానో కూడా విను. ఒక రోజు స్పీకరు వైరు ఊడిపోయింది. పక్కనే ఉన్న ఇంకా చల్లని గదిలో వేరే పని చేసుకుంటున్నదాన్ని, వైరు సంగతి చూసి, సరే అని అలాగే వచ్చి, నీ వాక్యాన్ని కాగితంలో చూసి నేనే గ్లాసు మీద చదివాను. నా స్పానిష్ వింటే నీ రచయిత్రి కథలు రాయడం మానేసేది. గ్లాసు గడ్డకట్టింది. పక్క గ్లాసు మీద చదివాను, అదీ గడ్డకట్టింది. నీకు ఇది చెప్పి సంతోషపెట్టొచ్చు. కానీ మనిషి లోపలికొస్తే లక్ష కారణాలుంటాయి. ఒంటి వేడి, అడుగుల అదురు, ఊపిరి. అందుకని ఆ రోజుని మొత్తం లెక్కలోంచి తీసేశాను. మా పనిలో మొదట చేయాల్సింది మనిషిని గదిలోంచి బయటికి పంపడం. ఆ రోజుని ఉంచుకుని నీకు సంతకం పెట్టేసి ఉంటే, తర్వాత ఎవరైనా పట్టుకునేవాళ్లు. అప్పుడు నీ పరువే పోయేది.

కోపం తగ్గితే రాయి. తగ్గకపోతే కోపంగానే రాయి. కుర్చీ పీట అయిందా?

నీ మరదలు (పేరు లేదన్నావు కదా, వరస రాస్తున్నాను)


జనవరి 21

చలిచీమా,

కుర్చీ పీట అయింది. మీ అన్నయ్య మొదటినుంచీ పీటే చేద్దామనుకున్నానంటున్నారు.

పెన్సిలు సంగతి చదివి సిగ్గుపడ్డాను. ఒక కాగితం ముక్క మీద అంత కథ అల్లుకున్నాను. జీవితమంతా చేసింది ఆ పనే కాబట్టి చెయ్యి ఆగలేదు. ‘పరువు’ అన్నమాట కూడా అనకుండా ఉండాల్సింది. ఇక్కడితో ఆ విషయం వదిలేద్దాం, ఎందుకంటే అంతకన్నా పెద్దది ఒకటి చెప్పాలి.

నువ్వు తీసేసిన రోజు గురించి చదువుతుంటే, ‘మనిషి లోపలికొస్తే’ అన్న చోట నా కళ్లు ఆగిపోయాయి. లేచి వెళ్లి స్పానిష్ పుస్తకం తీశాను.

ఆ మూడు చుక్కలు నిట్టూర్పు కాదే తల్లీ. అవి నేను పెట్టినవి. అక్కడ ఒక వాక్యం ఉంది. నీకు ఉత్తరం పొడుగైపోతుందని, అది వట్టి వర్ణన కదా అని వదిలేశాను. నీకు పంపిన దాంట్లోనే కాదు. నా పుస్తకంలో కూడా ఆ చోటు ఎత్తి రాసిన ప్రతిసారీ చుక్కలే పెట్టాను. ఆ వాక్యం ఇది:

‘దారంతా ఆమె వదిలిన ఊపిరి శాలువా అంచున తెల్లటి మంచై పేరుకుని ఉంది.’

దాని వెంటనే ‘కిటికీ బయట నిలబడి, గ్లాసు మీదుగా నా వైపు వంగింది’ అని ఉంది.

నాకు ఫిజిక్స్ రాదు. కానీ చిన్న మంచు ముక్క అన్నిటికన్నా మేలని నవంబరులో నువ్వే రాశావు. నేను పిచ్చిదాన్నా, లేక ఇందులో ఏమైనా ఉందా? లేదంటే లేదని రాయి. ఈసారి ఏడవను. పెన్సిల్‌తోనే రాయి.

ఆ రోజు నువ్వు పక్క గదిలోంచి వచ్చినప్పుడు మెడకి ఏం చుట్టుకున్నావు?

వదిన


ఫిబ్రవరి 9

వదినా,

మఫ్లరు. పక్క గదిలో చలి ఎంతంటే, అరగంట ఉంటే ముక్కు దగ్గర మఫ్లరంతా తెల్లబడుతుంది. దాన్ని దులుపుకోకుండా ఈ గదిలోకి వచ్చి గ్లాసు మీదకి వంగాను. దులుపుకోకుండా ఎక్కడికి పడితే అక్కడికి వచ్చేయడం నా అలవాటని నీకు వేరే చెప్పాలా?

నీ ఉత్తరం చూసి ఆ రోజు మధ్యాహ్నమే గ్లాసులు కడిగాను. ఈసారి స్పీకరు తీసేసి, మనిషిని లోపలికి రానిచ్చాను. ఆ మనిషిని నేనే. నాలుగు రకాలుగా చేశాను. శుభ్రమైన పొడి శాలువా కప్పుకుని, వంగి, మాట్లాడితే ఏమీ కాలేదు. మంచు పేరుకున్న శాలువాతో వంగి మాట్లాడితే గడ్డకట్టింది. పొడి శాలువాతో వంగి ఊరుకుంటే ఏమీ కాలేదు. ఇక చివరిది. మంచు శాలువా కప్పుకుని, నోరు విప్పకుండా వంగాను. కంటికి కనబడనంత సన్నటి మంచు పొడి రాలింది. నీళ్ల పైన ఒక చుక్క తెల్లబడింది. అక్కడినుంచి సూదులు లేచి, ఒకదాన్నొకటి అల్లుకుంటూ అడుగుదాకా పాకాయి. నీ రచయిత్రి రాసిన మాటలు తప్ప ఇంకో మాటలు నాకు దొరకలేదు. మొత్తం రాయి కాలేదు, ముద్దలా అయింది. ఆవిడ కూడా రాయి అనలేదు, చూసుకో. కొన్నిసార్లు ఆ మంచు పొడి, గ్లాసు పక్కన పడింది, అప్పుడు నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. అవి కూడా పేజీలో రాశాను.

పేజీ ఇందులో పెట్టాను. సంతకం పెన్నుతో పెట్టాను, రేపు కాదనడానికి వీల్లేదు. అందులో ఉన్నది ఇంతే: మాటకి నీళ్లు గడ్డకట్టలేదు, శాలువా మీది మంచుకి గడ్డకట్టాయి, రచయిత్రి రాసిన ప్రతి వివరమూ సరైనదే. పుస్తకం పేరు మార్చకు. ఆవిడ అబద్ధం రాయలేదు. మనిద్దరం చెరో ముక్క తీసేసి, అబద్ధం రాసిందనుకున్నాం. నువ్వు వర్ణన అని తీశావు, నేను కల్తీ అని తీశాను. ఇద్దరం తీసింది ఒకటే.

ఇక ఒకటి అడుగుతాను, ఇది నా సబ్జెక్టు కాదు. ఆ నాలుగో గ్లాసు గడ్డకట్టాక కాసేపు అక్కడే నిలబడ్డాను. కథలో వదిన ఆ పిల్లకి జన్మలో తలుపు తీయలేదన్నావు. ఎందుకు? ఆమె మాటతో నీళ్లు గడ్డకట్టాయని. కానీ ఆమె నోరు విప్పకపోయినా అవి గడ్డకట్టేవి. ఆ పిల్ల చేసిందల్లా చలిలో అంత దూరం నడిచి రావడం. కబురు ఎవరితోనైనా పంపించి ఇంట్లో పడుకోవచ్చు. వచ్చింది. పైగా పోయినవాడు ఆమెకి అన్న. మీ పండితులు రాసినవాటిలో ఎక్కడైనా ఈ మాట ఉందా? భర్త పోయిన ఆమె గురించి రాశారే, అన్న పోయిన పిల్ల గురించి ఎవరైనా రాశారా? నాకు తెలియక అడుగుతున్నాను. నాకూ ఒకే అన్నయ్య ఉన్నాడు కాబట్టి గ్లాసు దగ్గర నిలబడితే అదే తోచింది. ఏడుపొచ్చింది కూడా. కోల్డ్ రూమ్‌లో ఏడిస్తే కనురెప్పలు అతుక్కుంటాయి, ఎప్పుడూ చేయకు.

మోకాలి గురించి ఈసారి మరిచిపోలేదు. ఎలా ఉంది?

నీ చలిచీమ


ఫిబ్రవరి 20

చలిచీమకి,

నీ పేజీ ప్రచురణ సంస్థకి పంపాను. ఆ పెద్దాయన ఒప్పుకున్నాడు. పుస్తకం పేరు అలాగే ఉంటుంది. ఈ ముక్క ముందే రాస్తున్నాను, లేకపోతే నువ్వు టీ చల్లారేదాకా చివరి పేజీ వెతుక్కుంటావు.

నీ ప్రశ్నకి జవాబు. లేదు, ఎవరూ రాయలేదు. నేనూ రాయలేదు. ఈ కథ మీద వచ్చినవన్నీ నా అలమరలో ఉన్నాయి. మళ్లీ తిరగేశాను. అందరం ఆమె అన్న మాట గురించి పేజీలకి పేజీలు రాశాం. మాట కత్తి అని ఒకరు, మాట శాపం అని ఒకరు. నేను మాట చలి అన్నాను, అదేదో గొప్పగా ఉందని అప్పట్లో మురిసిపోయాను. ఆమె నడిచిన నడక గురించి ఒక్కరికీ ఒక్క వాక్యం లేదు. కథలో వదినకి కనబడలేదు, ఆమె దుఃఖంలో ఉంది, అనుకోవచ్చు. మాకు ఏ దుఃఖముందని కనబడలేదు? రచయిత్రి మాత్రం రాసి పెట్టింది. దారిలో ఎంత ఊపిరి వదిలితే శాలువా అంచు తెల్లబడుతుందో ఆవిడకి తెలుసు. నిందంతా మాట మీద వేసి తలుపేసుకున్న ఆడమనిషి చేత కథ చెప్పించి, ఆమె తప్పుని ఆమె నోటితోనే ఒక చిన్న వాక్యంలో బయటపెట్టింది. నేను అక్కడే చుక్కలు పెట్టాను.

అధ్యాయం మొదటినుంచీ మళ్లీ రాశాను. ఇప్పుడది గ్లాసుతో మొదలవదు. ఉప్పు మైదానం మీద నడిచి వస్తున్న ఒక చెల్లెలితో మొదలవుతుంది. పని అయ్యాక మీ అన్నయ్యకి చదివి వినిపించాను. విని, ‘దాన్ని ఒకసారి రమ్మనకూడదూ’ అన్నారు. మోకాలి గురించి అడిగితే బాగుందన్నారు గానీ, మెట్లు ఒక్కోటీ ఆగి దిగుతున్నారు. నువ్వే చూద్దువుగాని.

డిసెంబరులో నీ ఉత్తరం చూసి నేను చేసింది కూడా ఆ తలుపేసుకోవడమే. నీ చేతులు ఎక్కడున్నాయని అడగకుండా నీ మాట పట్టుకున్నాను. అది నా మనసులోంచి పోవడం లేదు, అందుకని రాస్తున్నాను.

దిద్దడానికి ప్రూఫులు వచ్చే నెల మొదట్లో వస్తాయట. నీ పేజీలో తప్పులు నువ్వే చూసుకోవాలి. పోస్టులో పంపను. నువ్వే రా. నిఘంటువులు పై అరలోకి మార్చాను. పీట ఉంది, కూర్చోవడానికి.

ఇక్కడ చలి ఇంకా తగ్గలేదు. శాలువా కప్పుకుని రా. గుమ్మం దగ్గర దులపకు, అలాగే లోపలికి వచ్చేయ్.

నీ వదిన